మా అమ్మ చేతులు ఉంచుకున్నారు, మాటలు తీసేశారు: బెంగళూరు డాక్యుమెంటరీ వాళ్లకు ఒక బహిరంగ లేఖ

బెంగళూరులో డాక్యుమెంటరీలు తీసే దర్శకులకు, కెమెరా పట్టేవాళ్లకు, ఎడిటర్లకు, ఆ సినిమాలకు డబ్బులిచ్చే సంస్థలకు,

నమస్కారం. మా అమ్మ ఈ ఊళ్లో పౌరకార్మికురాలు, 19 ఏళ్లుగా రోడ్లు ఊడుస్తోంది. మాది మడకశిర పక్కన పల్లె. నేను మాగడి రోడ్డులో ఒక చిన్న స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కాబట్టి మీ పని నాకు బొత్తిగా తెలియనిదేం కాదు. ఏ షాట్ పక్కన ఏ షాట్ పెడితే చూసేవాడి కళ్లు చెమరుస్తాయో నాకూ తెలుసు, అప్పగింతల సీనుకు రోజూ అదే చేస్తుంటాను. కాకపోతే నా దగ్గర పెళ్లికూతురి నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని "ఆ ముక్క తీసెయ్ బాబూ" అంటాడు, నేను తీసేస్తాను. మీ దగ్గర ఆ కుర్చీ లేదు. ఈ లేఖంతా ఆ కుర్చీ గురించే.

రెండేళ్ల కిందట నలుగురు మనుషుల టీమ్ ఒకటి మా అమ్మను వెతుక్కుంటూ వచ్చింది. ఐదు నెలలు షూటింగ్ చేశారు. మంచివాళ్లు కాదని నేననను. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు, మా ఇంట్లో ముద్ద, చింతాకు పప్పు అడిగి మరీ తిన్నారు, అక్క సీమంతానికి చీర కూడా పెట్టారు. వాళ్ల పేరు ఇక్కడ రాయను. రాస్తే తిట్లన్నీ వాళ్లొక్కరికే పోయి మిగతావాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. సినిమా 52 నిమిషాలు వచ్చింది. ఏవో ఫెస్టివల్స్‌కి వెళ్లింది, ఇక్కడ ఏసీ హాల్లో కూడా వేశారు, మమ్మల్ని పిలవలేదు. నా ఫ్రెండ్ ఒకడు లింక్ సంపాదించి పంపితే, రాత్రి స్టూడియోలో అందరూ వెళ్లిపోయాక, పెళ్లి వీడియోలు కట్ చేసే అదే సిస్టమ్ మీద, ఒక్కో ఫ్రేమ్ ఆపి ఆపి చూశాను. ఆ తర్వాత నాలుగు మెయిల్స్ పెట్టాను, రెండుసార్లు వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. వచ్చిన జవాబు ఒక్కటే, ఫెస్టివల్స్ అన్నీ అయిపోనివ్వండి, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం అని. అది జరిగి కూడా ఏడాది దాటింది. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మొదటి షాట్ దగ్గరే మొదలుపెడతాను. మా అమ్మ చేతులు, బాగా దగ్గరగా, చీపురు కట్ట మీద. 14 సెకన్లు, అంటే 350 ఫ్రేములు. వేళ్ల చివర్లు, గోళ్లు, అరచేయి మధ్య నల్లగా కనిపిస్తాయి. హాల్లో ఉన్నవాళ్లు అక్కడే సగం కరిగిపోయి ఉంటారు, పాపం, ఆ మురికి చూసి. అది మురికి కాదు సార్, గోరింటాకు. ముందు రోజు అక్క సీమంతం. రాత్రి మా చిన్నమ్మ రుబ్బి పెట్టింది, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎర్రగా పండి ఉంది. మీ కెమెరాకు కూడా ఎర్రగానే పడి ఉంటుంది. గ్రేడింగ్‌లో, అంటే ఎడిటింగ్ అయ్యాక రంగులు దిద్దేటప్పుడు, సినిమా మొత్తాన్ని నీలం బూడిద రంగులోకి లాగేశారు, ఎరుపు దించేశారు. ఎరుపు దించితే గోరింటాకు ఏమవుతుంది? కెమెరాలో అలాగే వచ్చింది అని మాత్రం నాకు చెప్పకండి, లాగ్‌లో, అంటే రంగు వెలిసినట్టు పడే పద్ధతిలో, తీసినదానికి రంగు మనం వెయ్యాల్సిందేనని నాకు తెలుసు. అమ్మకు ఫోన్‌లో చూపిస్తే ఆమె అన్న మొదటి మాట, "ఏందిరా నా చేతులు ఇట్లున్నాయి? ఆ పొద్దు గోరింటాకు గదా పెట్టుకునింది." సినిమా గురించి ఆమె ఇంకేమీ అడగలేదు.

రెండోది 31వ నిమిషంలో ఉంది. మా నాన్న ఎలా చనిపోయాడని అడుగుతారు. అమ్మ ఏమీ మాట్లాడదు, ఎటో చూస్తూ ఉంటుంది, గొంతు ఒకసారి కదులుతుంది, కింద సన్నగా వయొలిన్ మొదలవుతుంది. నేను ఆ రోజు అక్కడే, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. అది ఆ ప్రశ్నకు వచ్చిన మౌనం కాదు. ఇంటర్వ్యూ అంతా అయిపోయాక సౌండ్ అతను "అక్కా, రూమ్ టోన్ కావాలి, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి" అన్నాడు, అంటే ఖాళీ గది చప్పుడు రికార్డు చేసుకోవడానికి, కెమెరా ఆపలేదు, అమ్మ బుద్ధిగా కూర్చుంది. మింగింది కన్నీళ్లు కాదు, వక్కాకు. నాన్న గురించి అడిగినప్పుడు ఆమె నిజంగా ఏం చేసిందో తెలుసా? గబగబా చెప్పేసింది, మధ్యలో ఆయన తాగి వచ్చి కుక్కకు అన్నం పెట్టి తను పస్తు పడుకున్న సంగతి చెప్పి నవ్వింది కూడా. భర్త పోయిన ఆడమనిషి నవ్వితే సినిమాకు పనికిరాదు కాబోలు.

ఇది మీరు కొత్తగా కనిపెట్టిన విద్య ఏం కాదు. సుమారు వందేళ్ల కిందటే రష్యాలో కులెషోవ్ అనే సినిమా దర్శకుడు చేసి చూపించాడు. ఒకే నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, దాని పక్కన సూప్ గిన్నె పెడితే ఆకలి అనుకున్నారు, శవపేటిక పెడితే దుఃఖం అనుకున్నారు. ప్రతి ఎడిటర్ నేర్చుకునే మొదటి పాఠం అది. నటుడికైతే జీతం ఇచ్చారు, అది నటన అని చూసేవాళ్లకూ తెలుసు. మా అమ్మ ముఖం పక్కన మీరు మా నాన్న శవం పెట్టారు. అది నిజం అని టికెట్ అమ్మారు.

మూడోది సబ్‌టైటిల్. అమ్మ అన్న మాట ఇది: "పొట్ట కోసమే చేస్తాండా. అట్లని ఎవరి ముందరా తల ఒంచలేదు." కింద ఇంగ్లీషులో వచ్చినదాన్ని మళ్లీ తెలుగులోకి తెస్తే, పొట్ట కోసం తల వంచుకుని పనిచేస్తున్నాను అని. రెండు లైన్లలో పట్టాలి, ఒక్కో లైనుకు దాదాపు నలభై అక్షరాలు మించకూడదు, చదవడానికి టైమ్ ఉండాలి, ఆ తిప్పలన్నీ నాకూ తెలుసు. కానీ కుదించడం వేరు, తిరగేయడం వేరు. మా ఇళ్లలో మాట్లాడేది సగం అనంతపురం తెలుగు, సగం బెంగళూరు కన్నడం. దాన్ని హైదరాబాద్ తెలుగు వచ్చినవాళ్లకో, ఆటోమేటిక్ క్యాప్షన్లకో వదిలేస్తే ఇలాగే తగలడుతుంది.

ఈ మూడింటికన్నా నాకు ఎక్కువ మండింది సినిమాలో లేని దాని గురించి. 2022 జులై మొదట్లో పౌరకార్మికులు ఫ్రీడమ్ పార్కులో నాలుగు రోజులు కూర్చున్నారు, పర్మనెంట్ చేయమని. ఊళ్లో చెత్త ఎక్కడిదక్కడ ఆగిపోయింది, ప్రభుత్వం దిగి వచ్చి మాట ఇచ్చింది. 2025 మే డే నాడు 12 వేల మందికి పైగా పర్మనెంట్ ఉత్తర్వులు అందుకున్నారంటే దాని వెనక ఆ నాలుగు రోజులున్నాయి. అమ్మ ఆ నాలుగు రోజులూ వెళ్లింది. మీ వాళ్ల కెమెరా ముందు దాని గురించే ఇరవై నిమిషాలు చెప్పింది, ఎవరు పులిహోర తెచ్చారు, వాన వస్తే టార్పాలిన్ ఎలా పట్టుకున్నారు, పోలీసాయన ఏమన్నాడు, అన్నీ. ఒక్క ముక్క కూడా సినిమాలో లేదు. ఎందుకని ఆఫీసులో అడిగితే ఒక అమ్మాయి నిజాయితీగానే చెప్పింది, "మా దగ్గర దానికి విజువల్స్ లేవు కదా."

అసలు జబ్బు అదే అని నా ఉద్దేశం. మీ స్కూళ్లలో "చెప్పకు, చూపించు" అని నేర్పిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ మా అమ్మ లాంటివాళ్ల విషయంలో అది ఎలా తిరుగుతుందంటే, వంగిన నడుము కనిపిస్తుంది కాబట్టి ఉంటుంది, యూనియన్ మీటింగ్‌లో ఆమె వేసిన ప్రశ్న వినిపిస్తుందే తప్ప కనిపించదు కాబట్టి పోతుంది. పెద్ద ఆఫీసర్‌ని తీస్తే కుర్చీలో కూర్చోబెట్టి ఆయన చెప్పింది చెప్పినట్టు వాడతారు, పక్కన పేరు, హోదా వేస్తారు. మావాళ్ల దగ్గరకు వచ్చేసరికి చేతులు, పాదాలు, పగిలిన మడమలు, పొగమంచులో చీపురు. అమ్మ పేరు సినిమాలో 40వ నిమిషంలో వస్తుంది. చేతులు మొదటి నిమిషంలోనే వచ్చాయి.

దీనివల్ల ఏం జరిగిందో చెప్తాను. ఇవి సినిమా గురించి కాదు, సినిమా అయిపోయాక మిగిలినవాటి గురించి.

1. ట్రైలర్‌లో అమ్మ "మూడు నెలల నుంచి గ్లవ్స్ లేవు" అంటుంది. అంతే, కట్. ఆ వెంటనే ఆమె ఏమందంటే, మా మేస్త్రి పాపం తన జేబులోంచి పెట్టి కొందరికి కొనిచ్చాడు, పైనుంచే రావడం లేదు అని. ఆ రెండో వాక్యం లేకుండా ఆ ముక్క వాట్సాప్‌లో తిరిగి తిరిగి మేస్త్రి ఫోన్‌కే వచ్చింది. ఆయన ముందు బాధపడ్డాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు, ఆయన్ని పైవాళ్లు పిలిచి తిట్టారు. పది రోజుల్లో అమ్మను ఏడు కిలోమీటర్ల అవతల మస్టరింగ్ పాయింట్‌కి, అంటే హాజరు వేసే ఇంకో చోటికి, మార్చారు. ఆరున్నరకు హాజరు వేయాలంటే ఇప్పుడు నాలుగున్నరకు ఇంట్లోంచి బయటపడాలి, రెండు బస్సులు. ఆడవాళ్లకు టికెట్ ఫ్రీనే, కాదనను, కానీ ఆ టైములో బస్సంటూ ఒకటి రావాలి గదా. చాలా రోజులు మొదటి బస్సు కోసం చూసి చూసి ఆటోకు 120 ఇచ్చి వెళ్తోంది. మే డే లిస్టులో ఆమె పేరు రాలేదు, కాబట్టి ఎవరిమీదా అరవడానికి కూడా లేదు.

2. అక్క అత్తగారింట్లో మా అమ్మకు "కార్పొరేషన్‌లో పని" అని చెప్పాం. అబద్ధమేం కాదు. అక్క అత్తగారికి ఎవరో పోస్టర్ పంపారు, అమ్మ ముఖం, వెనక చెత్త బండి. ఆ తర్వాత మూడు నెలలు అక్కను పుట్టింటికి పంపలేదు. మేం సిగ్గుపడే పని చేయడం లేదు, అమ్మకు సిగ్గు లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆమె నిర్ణయించుకోవాల్సిన మాటను మీ పోస్టర్ చెప్పేసింది.

3. పక్కింటి పిల్లాడు స్కూల్ యూనిఫాంలో చెత్త బండి పక్కన నడుస్తూ వెళ్లే షాట్ ఒకటుంది. వాడు స్కూల్‌కి వెళ్తున్నాడు, అంతే. దాని మీద పిల్లల చదువులు ఆగిపోతున్నాయని ఒక వాయిస్ వస్తుంది. వాడికి లెక్కల్లో 94 వచ్చాయి.

4. ఇప్పుడు మా వీధిలో కెమెరా కనిపిస్తే ఆడవాళ్లు కొంగు కప్పుకుంటున్నారు. మొన్న ఒక కాలేజీ అమ్మాయి పౌరకార్మికుల నడుము నొప్పులు, దగ్గుల మీద ఏదో సర్వే కోసం వచ్చింది, చేతిలో చిన్న రికార్డర్ మాత్రమే ఉంది. తలుపులు వేసేశారు. ఆ అమ్మాయి ఏం చేసింది పాపం.

కాగితం మీద సంతకం పెట్టారు కదా అంటారేమో. పెట్టింది. మూడు పేజీల ఇంగ్లీషు కాగితం, పొద్దున మస్టరింగ్ టైములో, తోపుడు బండి మీద పెట్టి. నేను తర్వాత చదివాను. ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాల్లోనూ వాడుకునే హక్కు అట. ఇంకా పుట్టని మిషన్లకు కూడా మా అమ్మ ముఖాన్ని రాయించుకున్నారు. ఇంటి పట్టా కూడా ఇంత గట్టిగా రాయరు.

ఇంకొకలా తీయడం కుదరదా అంటే, కుదురుతుంది, తీసినవాళ్లున్నారు, అందులో కొందరు ఈ ఊరివాళ్లే. 1980లో ఇక్కడే దర్శకురాలు దీపా ధన్‌రాజ్, ఇంకొందరు కలిసి యుగాంతర్ అని ఒక సినిమా బృందం మొదలుపెట్టారు. నిపాణి పొగాకు ఫ్యాక్టరీ ఆడవాళ్లతో కూర్చుని, వాళ్లనే అడిగి, వాళ్ల పోరాటాన్ని సినిమా తీశారు. 1983లో హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి తెలుగులో "ఇది కథ మాత్రమేనా" తీశారు. 1985లో ఆనంద్ పట్వర్ధన్ బొంబాయి గుడిసెల మీద తీసిన సినిమాలో ఒకావిడ ఆయన్నే నిలదీస్తుంది, పేదోళ్ల ఫొటోలు తీసి పేరు తెచ్చుకోవడానికి వచ్చావా అని. ఆయన దాన్ని కట్ చేయలేదు. మా అమ్మ కూడా మీవాళ్లను ఒకసారి అడిగింది, ఇదంతా ఎవరు చూస్తారు నాయనా అని. అది సినిమాలో లేదు.

నాకు అన్నింటికన్నా నచ్చింది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఆడవాళ్ల సంగతి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థలో దళిత మహిళలు, చాలామందికి చదువు రాదు, కెమెరా నేర్చుకున్నారు. షాట్లకు పుస్తకాల్లో పేర్లు నోరు తిరగకపోతే వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తూ తీస్తే పటేల్ షాట్, అంటే ఊరి దొర చూపు. కంటికి కన్ను సమానంగా తీస్తే సంఘం షాట్. నేను పదేళ్లుగా కెమెరా యాంగిల్స్‌తో బతుకుతున్నాను, ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. మీ సినిమాలో డ్రోన్ షాట్లు తొమ్మిది ఉన్నాయి. లెక్కపెట్టాను.

ఇంకా వెనక్కి వెళ్దాం. డాక్యుమెంటరీలకు తాతలాంటిది అంటారే, 1922లో వచ్చిన "నానూక్ ఆఫ్ ది నార్త్", కెనడా ఉత్తరాన మంచులో బతికే మనుషుల మీద తీసింది. దాని దర్శకుడు ఫ్లాహర్టీ అందులో చాలా అబద్ధాలాడాడు. హీరో అసలు పేరే వేరు. మంచు ఇంట్లో వెలుతురు చాలక సగం ఇల్లు కట్టించి తీశాడు, తుపాకులు వాడేవాళ్ల చేత ఈటెలు పట్టించాడు. అవన్నీ ఒప్పుకుందాం. కానీ ఆయన ఆ మంచులోకి ఫిల్మ్ కడగడానికి సామాను, ప్రొజెక్టర్ మోసుకుని వెళ్లాడు. తీసింది అక్కడే కడిగి, ఆ మనుషులకే వేసి చూపించాడు. కరెంటు లేని చోట, 1920లో! మీకు బెంగళూరులో వాట్సాప్‌లో ఒక లింక్ పంపడం కష్టమైందా?

మేం అడిగేది ఇది. ఇందులో నా మాటలు కొన్ని, అమ్మవి కొన్ని, మా వీధి ఆడవాళ్లు ఆదివారం కూర్చుని చెప్పినవి కొన్ని.

1. పిక్చర్ లాక్ చేయకముందే, అంటే ఇక మార్పులుండవని ఎడిటింగ్ ముగించకముందే, రఫ్ కట్ (మొదటి ముడి కూర్పు) మాకు చూపించండి. సెన్సార్ చేయడానికి కాదు. మీ అభిప్రాయం మీది, ప్రభుత్వాన్ని తిట్టండి, సమాజాన్ని తిట్టండి, మాతో ఒప్పుకోకపోయినా పర్లేదు. మా మాట తిరగబడిందా, మా ముఖం ఇంకోచోట అతికిందా, ఏ ముక్క వల్ల ఎవరి ఉద్యోగం పోతుంది, ఇవి చెప్పగలిగింది మేమే, మీ కంప్యూటర్‌కి తెలియవు. మధ్యాహ్నం రెండున్నరకు డ్యూటీ అయిపోతుంది, మా దగ్గరకే రండి, తెల్ల దుప్పటి మేం కడతాం.

2. ఒప్పంద కాగితం తెలుగులోనో కన్నడలోనో ఉండాలి, గట్టిగా చదివి వినిపించాలి, వారం రోజులు టైమివ్వాలి, ఒక కాపీ మా దగ్గర ఉండాలి. లాక్ అయ్యేదాకా వెనక్కి తగ్గే హక్కు అందులో రాసి ఉండాలి. పోస్టర్‌కు, ట్రైలర్‌కు విడిగా అడగండి. పిల్లల ముఖాలకు వాళ్ల తల్లిదండ్రుల్ని అడగండి.

3. ఒక ప్రశ్నకు ఇంకో టైములో తీసిన ముఖం వాడొద్దు. కటవే, అంటే మధ్యలో అతికే వేరే షాట్, కావాలంటే గోడ ఉంది, గడియారం ఉంది, పిల్లి ఉంది.

4. సబ్‌టైటిల్స్ ఆ యాస వచ్చినవాళ్లతో రాయించి, మాట్లాడిన మనిషికి తిరిగి చెప్పి చూపండి. మీకు దొరక్కపోతే నన్నడగండి, మా వీధిలోనే డిగ్రీ చదివిన పిల్లలు ఆరుగురున్నారు.

5. షూటింగ్ రోజులకు డబ్బులివ్వండి. డబ్బులిస్తే నిజం చెడిపోతుందని ఒక మాట మీలో తిరుగుతుంది. సౌండ్ అతనికి ఇస్తారు, డ్రోన్ కుర్రాడికి ఇస్తారు, కారు డ్రైవర్‌కి బాటా ఇస్తారు, వాళ్ల దగ్గర చెడని నిజం మా దగ్గరే ఎందుకు చెడుతుందో నాకు అర్థం కాలేదు. మీ కోసం అమ్మ ఊడ్చిన రోడ్డునే మూడుసార్లు ఊడ్చింది, వెలుతురు బాగా రాలేదని.

6. గ్రాంట్లు ఇచ్చే సంస్థలకు: ఆఖరి విడత డబ్బులిచ్చే ముందు, తెర మీద ఉన్నవాళ్లకు సినిమా చూపించారా అని ఒక్క ప్రశ్న మీ ఫారంలో పెట్టండి. ఫెస్టివల్ ప్రయాణాలకు ఖర్చు పెడుతున్నారు, మా వీధిదాకా రావడానికి ఒక ఆటో ఖర్చు కూడా రాయండి.

7. ఇక ఆ టీమ్‌కి, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు. ట్రైలర్‌లో గ్లవ్స్ ముక్క తీసేయండి, లేదా రెండో వాక్యం కూడా కలపండి. పోస్టర్ మార్చండి. ఫ్రీడమ్ పార్కు గురించి అమ్మ చెప్పిన ఇరవై నిమిషాలు, విజువల్స్ లేకపోతే లేకపోయె, ఉన్నది ఉన్నట్టు మాకివ్వండి, ఆమె మనవడికి వినిపించుకుంటాం. ఆ మొదటి షాట్‌లో ఎరుపు వెనక్కి తీసుకురండి. మీ కలరిస్ట్‌కి టైమ్ లేకపోతే ఒరిజినల్ క్లిప్ నాకు పంపండి, 350 ఫ్రేములే గదా, ఒక రాత్రి పని. నేనే చేసి పంపిస్తాను, డబ్బులు వద్దు.

ఇట్లు,
52 నిమిషాల సినిమాలో 14 సెకన్లు కనిపించే చేతుల తాలూకు కొడుకు,
బెంగళూరు